పై పంచమం

12 నవంబర్ 2024

ఈ రోజు విజయవాడ స్టూడియోలో చివరి పద్యం రికార్డింగు అయింది. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ మరియంబీ అన్నం వడ్డించి, "సినిమాకి వాయించి వచ్చేరు కదా, ముఖం అలా ఉందేంటండీ?" అంది. బస్సులో ఏసీ పడలేదన్నాను. మేం వచ్చింది ఆర్డినరీ బస్సులో.

మందుల షాపువాళ్ళు సంక్రాంతికి ఇచ్చిన డైరీ ఖాళీగా పడి ఉంది. పేజీ మీద తేదీ కొట్టేసి రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానో తెలియదు. నేను తప్ప చదివేవాళ్ళు లేరు.

మొదటినుంచీ రాస్తాను. అసలు సంగతి దగ్గరికి వెంటనే వెళ్ళడానికి చెయ్యి రావడం లేదు.

'లంకరేవు' మా గురువుగారు రాసిన సంగీత నాటకం. కొల్లేటి పడవమనిషి నాగమణి కథ. మొగుడు వరదలో వేటకెళ్ళి తిరిగి రాడు. నాగమణి రేవులో దీపం పెట్టి పాడే పద్యంతో నాటకం ముగుస్తుంది. ఇరవయ్యేడేళ్ళుగా నాగమణి వేషం తాడేపల్లిగూడెం సత్యవేణి గారిది, హార్మోనియం నాది. పగలు ఏలూరు వన్‌టౌన్‌లో కుట్టుమిషన్లు బాగుచేస్తాను. నాటకం ఉన్న రోజు మాత్రం నేను చాంద్ బాషా మాస్టారిని. కొల్లేటి లంకల్లో మేం ఆడని ఊరు లేదు.

ఆ నాటకాన్ని గణపవరం కుర్రాడు చరణ్‌తేజ ఇప్పుడు సినిమా తీస్తున్నాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చుని చూశాడట. నాగమణిగా సత్యవేణి గారే ఉండాలన్నాడు. సంగీతం అని నా పేరు వేస్తానన్నాడు.

స్టూడియోలో ఆవిడ ఒక గదిలో, మేం గాజు అద్దం ఇవతల ఇంకో గదిలో. నా హార్మోనియం పొద్దున్నే విడిగా రికార్డు చేసేశారు. ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కతే నిలబడి పాడింది. 'దీపమారక ముందె నీ తెప్ప రాదె' అన్న చోట గొంతు పై పంచమానికి ఎక్కాలి. చీలింది. నాలుగుసార్లు పాడింది. నాలుగుసార్లూ చీలింది. స్టేజీ మీదైతే ఆ చోట నేను హార్మోనియం తిత్తి గట్టిగా కొట్టి నా స్వరం పైకి తెచ్చేస్తాను. చీలిక అందులో కలిసిపోతుంది. ఐదేళ్ళుగా అలాగే నడుస్తోంది.

చరణ్‌తేజ నా వైపు తిరిగి, "మాస్టారూ, ఆవిడకి ఎప్పట్నుంచి ఇలా?" అన్నాడు.

ఏదో అన్నాను. ఉన్నమాటే అన్నాను.

13 నవంబర్

ఉన్నమాటే.

4 డిసెంబర్

షూటింగు కోసం తెల్లవారకముందే కొల్లేరు వెళ్ళాం. మంచు. దూరంగా గూడబాతులు ఒక్కసారి లేచేసరికి కెమెరా అతను చలిలో కూడా హుషారుగా చొక్కా చేతులు మడిచేశాడు.

మా స్టేజీ మీద కొల్లేరంటే నీలం గుడ్డ. రెండు వైపులా ఇద్దరు పట్టుకుని ఊపుతారు. ఆ గుడ్డకి మూడు చోట్ల మాసికలు నేనే వేశాను. ఇక్కడ నిజం నీళ్ళు, నిజం పడవ. సత్యవేణి గారికి రంగు వేయలేదు. "మీ ముఖంలో గీతలే కావాలండి నాకు" అన్నాడు కుర్రాడు. ఆవిడ స్పీకర్లో వస్తున్న తన గొంతుకి పెదవులు కలిపింది. అలవాటు లేదు కదా, రెండుసార్లు ముందే నోరు మూసేసింది. "పాట నన్ను వదిలేసి వెళ్ళిపోతుందండీ" అని నవ్వింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నా పక్కన కూర్చుంది.

"బాషా గారూ, ఆరోజు నా పాట బాగానే వచ్చిందంటారా?"

"బ్రహ్మాండంగా వచ్చిందండి."

"చరణ్‌తేజ గారు ఏమన్నా అన్నారా?"

"ఏమీ అనలేదండి. ఆయనెందుకంటాడు?"

నా ముఖంలోకి కాసేపు చూసి, "అలాగా" అంది. పెరుగన్నం కలుపుకుంది.

20 జనవరి 2025

చరణ్‌తేజ ఫోను. పద్యాలన్నీ హైదరాబాదులో తేజశ్రీ అనే అమ్మాయి చేత మళ్ళీ పాడించేశాడట. చక్కటి గొంతట, ఇరవయ్యారేళ్ళట. సత్యవేణి గారి ముఖం మీద ఆ గొంతు అతికినట్టు సరిపోయిందట.

"మీరు ఆరోజు చెప్పబట్టే ధైర్యం చేశాను మాస్టారూ. లేకపోతే ఆవిడ గొంతే ఉంచేద్దామనుకున్నాను. ఆవిడకి కూడా మీరే చెప్పేయండి, మీరు చెప్తే ఆవిడ బాధపడరు."

అలాగే బాబూ అన్నాను.

రేపు గూడెం వెళ్ళి చెప్తాను.

21 జనవరి

షాపులో మూడు మిషన్లు ఉండిపోయాయి. ఆదివారం వెళ్తాను.

26 జనవరి

గూడెం వెళ్ళాను. ఉల్లి మార్కెట్టు వెనక వాళ్ళ వీధి. సత్యవేణి గారు పక్కింటి ఆడపిల్లకి సరళీ స్వరాలు చెబుతోంది. టీ ఇచ్చింది. పిల్లని పంపించేసింది. తలుపు దగ్గరగా వేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"చెప్పండి బాషా గారూ."

"ఏం లేదండి. ఊరికే ఇటొచ్చేను."

"ఏలూరు నుంచి ఊరికే వచ్చేరా?"

ఉంగుటూరులో ఒకరి మిషన్ చూడటానికి వచ్చి ఇటు తిరిగానన్నాను. ఆవిడ ఇంకో టీ పోసింది. నేను తాగాను. ఆ రెండో టీ అయ్యేదాకా ఆవిడ ఎదురుగానే కూర్చుంది.  తర్వాత రైలు టైమైందని లేచాను.

11 ఫిబ్రవరి

ఫోన్లో చెప్పేద్దామనుకున్నాను. ఇలాంటివి ఫోన్లో చెప్పకూడదు.

19 ఫిబ్రవరి

అసలు చెప్పాల్సింది దర్శకుడు. గొంతు మార్చింది అతను. హార్మోనిస్టుకి ఏం సంబంధం?

2 మార్చి

రంజాను ఉపవాసాలు, మొదటి రోజా. నమాజు తర్వాత ఇమాం గారిని ఒక మాట అడుగుదామని ఆగాను. చెప్పాల్సిన మాట దాచి పెట్టుకుంటే అది అబద్ధం కిందికి వస్తుందా అని. ఆయన చుట్టూ జనం ఉన్నారు. వచ్చేశాను.

తొమ్మిదో తారీకు ఆదివారం ఏలూరులో సినిమా వేస్తున్నారు. ఒక్క ఆట. తర్వాత ఫోన్లలో వస్తుందట. ఇంకా వారం ఉంది.

8 మార్చి

చెప్పలేదు.

9 మార్చి

ఉదయం పదిన్నర ఆట. హాలు నిండింది. లంకల నుంచి ఆటోల్లో వచ్చారు. సత్యవేణి గారు ముదురు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. ఆవిడకి ఇటు మరియంబీ, మరియంబీకి ఇటు నేను. ఇద్దరి మధ్యా మరియంబీని కూర్చోబెట్టింది నేనే.

టైటిళ్ళలో 'సంగీతం: చాంద్ బాషా' అని పడింది. మరియంబీ నా చెయ్యి నొక్కింది.

సినిమా బాగుంది. రాసుకునేది నాకోసమే కాబట్టి నిజం రాయాలి, చాలా బాగుంది. ఆ మంచు, ఆ పడవ, నీళ్ళ మీద దీపం నీడ. మేం నలభై నిమిషాలు పాడే చోట కుర్రాడు ఒక్క చూపుతో సరిపెట్టాడు. అది తప్పని అనలేను. ఇంకొకటి కూడా ఈ రోజే తెలిసింది. హార్మోనియం పెట్టె దగ్గర్నుంచి ఇరవయ్యేడేళ్ళుగా నేను చూసింది ఆవిడ చెంప ఒక్కటే. చివరి పద్యంలో ఆవిడ ముఖం ఎదురుగా ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఈరోజు తెరంత పెద్దదిగా చూశాను. ఆ ముఖంలో ఏడుపు లేదు. కోపం ఉంది. నన్నొదిలి ఎలా పోయావన్న కోపం. నేను ఇన్నేళ్ళూ దానికి ఏడుపు వాయించాను.

ఆ ముఖంలోంచి ఇరవయ్యారేళ్ళ పిల్ల గొంతు వచ్చింది. పై పంచమం మీద నూనె పోసినట్టు నిలబడింది. హాల్లో చప్పట్లు. వెనక ఎవరో "అబ్బ, సత్యవేణమ్మ గొంతు ఇంకా ఎలా ఉందో చూడండి!" అన్నారు.

నేను పక్కకి చూడలేదు. మరియంబీ చూసింది. తర్వాత చెప్పింది, ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తెర మీద నాగమణితో పాటు పెదవులు కదిపిందట. చప్పుడు లేకుండా. చివరి దాకా.

బయట ఫొటోలు దిగారు. ఆవిడ అందరికీ నమస్కారం పెట్టింది. నా దగ్గరికొచ్చి, "మీ పేరు పెద్దక్షరాల్లో వేశారు. సంతోషమండీ" అంది. గూడెం బస్సెక్కింది.

ఇంటికొచ్చాక మరియంబీ అడిగింది, "పాడింది వదినగారు కాదు కదండీ?"

"కాదు."

"ఆవిడకి ముందే తెలుసా?"

"తెలుసు. చెప్పేను."

రోజాలో ఉండి ఆ మాట అన్నాను.

16 మార్చి

సినిమా ఫోన్లలోకి వచ్చింది. షాపుకొచ్చిన వాళ్ళంతా అదే మాట. మిషన్ బాగుచేయించుకోవడానికి వచ్చినామె పై పంచమం ముక్క రింగ్‌టోన్ పెట్టుకుంది. నా చేతిలో స్క్రూ డ్రైవర్ ఉండగా మోగింది.

31 మార్చి

ఈద్. మరియంబీ పొద్దున్నే సేమ్యా పాయసం గిన్నె మూట కట్టింది. ఏటా పండక్కి సత్యవేణి గారింటికి ఇచ్చి వస్తాను. ఈసారి ఒంట్లో బాగాలేదన్నాను. "అయితే నేను వెళ్తాను" అని చెప్పులేసుకుంది. తనొక్కత్తే వెళ్తే ఏం మాట్లాడుకుంటారోనన్న భయానికి నేనూ బయల్దేరాను.

సత్యవేణి గారు గిన్నె అందుకుని లోపల పెట్టి వచ్చింది. మరియంబీ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. మాట మరియంబీయే ఎత్తింది.

"గొంతు మార్చేరని ఈయన చెప్పినప్పుడు మీకెంత బాధేసిందో వదినా. నాకు హాల్లోనే తెలిసింది."

"ఈయన చెప్పేరా?" అంది సత్యవేణి గారు.

నేను నేల చూశాను.

"మరియం, ఈయన నాకేం చెప్పలేదు. నాకు నవంబర్లోనే తెలుసు."

నేను తలెత్తాను.

"స్టూడియోలో నా చెవులకి పెట్టారు చూడండి, దాంట్లో వినపడిందండీ బాషా గారూ. ఆ అబ్బాయి బల్ల మీద బటన్ నొక్కి నాతో మాట్లాడేడు, తియ్యడం మర్చిపోయేడు. మీరు గాజు అవతల కూర్చుని అన్నది నా చెవిలో అన్నట్టే ఉంది."

మరియంబీ నా వైపు తిరిగింది. "ఏమన్నారు?"

 ఇరవయ్యేడేళ్ళు ఏ పద్యంలోనూ అక్షరం పొల్లుపోని మనిషి, అదీ అక్షరం పొల్లుపోకుండా ఆవిడే చెప్పింది.

"'ఐదేళ్ళ నుంచీ ఆవిడ పాడట్లేదు బాబూ, నేనే పాడిస్తున్నాను. నా పెట్టె లేకపోతే అక్కడ పాట లేదు.' అదీ ఈయన అన్న మాట."

ఈ వాక్యం ఇన్ని నెలలుగా నేను ఈ డైరీలో రాయలేదు. ఉన్నమాటే అని రాశాను. ఉన్నమాట కాదు. ఆ కుర్రాడు నన్ను పెద్దవాణ్ణి చేసి అడిగాడు. పెద్దవాడిలా కనపడాలనిపించింది. అంతే. ఆ నిమిషంలో ఆవిడ గొంతు చీలిందని నాకు బాధ లేదు. గాజు అవతల ఒంటరిగా చీలుతూ ఉంటే నా విలువ తెలిసొస్తోందని లోపల ఎక్కడో సంతోషంగా కూడా ఉంది. రాశాను. ఇప్పుడు కొట్టేయను.

"మరి అప్పుడే ఎందుకు దులపలేదు వదినా?" అంది మరియంబీ. ఏడుస్తోంది.

"చెప్తారేమోనని చూశాను. పడవ దగ్గర అడిగేను. ఇంటికొస్తే తలుపు వేసి మరీ కూర్చున్నాను. ఒక్కసారి 'నోరు జారేనండీ' అంటే సరిపోయేది. గొంతు పోతే పోయింది. ముసలిదాన్ని అవుతున్నాను, నాకు తెలియదా?"

"సత్యవేణి గారూ..." అన్నాను.

"రామనవమికి నాటకం ఉంది కదండీ. దానికి మీరు రాకండి."

"హార్మోనియం?"

"ఫోన్లో శ్రుతి వస్తుందట. అది చాలు."

రైల్లో మరియంబీ కిటికీ వైపు కూర్చుంది. దెందులూరు దాటాక, "పాయసం గిన్నె అక్కడే ఉండిపోయింది" అంది. 

3 ఏప్రిల్

గుండుగొలను నుంచి వరదానం గారు వచ్చాడు. మైకుసెట్టు ఆయనది. నవమి నాటకానికి స్టేజీ కూడా ఆయనే కడుతున్నాడు.

"బాషా గారూ, సినిమాలో పాట ఒక పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి. చివరి పద్యానికి అదే పెట్టేద్దాం. జనం అంతా అదే అడుగుతున్నారు. ఆవిడకి కూడా శ్రమ ఉండదు, నోరు కదిపితే చాలు."

పాట నా ఫోన్లో ఉంది.

"ఇవ్వనండి" అన్నాను.

"అదేంటండీ! పాట మీదీ ఆవిడదీనే కదా?"

"సినిమాలో గొంతు ఆవిడది కాదండి. ఆవిడ గొంతు పనికిరాదని నేనే చెప్పేను. నేను చెప్తేనే తీసేశారు."

వరదానం గారు జేబులోంచి తీసిన పెన్‌డ్రైవ్ మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. బేరానికి వచ్చినామె దారపుండ చేత్తో పట్టుకుని నన్నే చూస్తూ నిలబడిపోయింది. మొదటిసారి బయటికి అన్నాను. తేలికవుతుందనుకున్నాను, కాలేదు. సాయంత్రం షట్టరు తొందరగా దించేశాను.

6 ఏప్రిల్

వెళ్ళాను. రావద్దన్నది స్టేజీ మీదికి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని వెళ్ళాను. లంకలో చేపల చెరువు గట్టు పక్కన పందిరి. జనంలో, పట్టా మీద, ఆడవాళ్ళ వెనక వరసలో కూర్చున్నాను. నాటకాన్ని ఎదురుగా కూర్చుని చూడటం నా జన్మలో ఇదే మొదలు.

నీలం గుడ్డ మీద నా మాసికలు అంత దూరానికి కూడా కనపడుతున్నాయి. సినిమా చూసిన కళ్ళకి అంతా వెలవెలపోయింది. ఎగుడుదిగుడు లైట్లు, ఒక మైకు గుర్రుమంటోంది, సగం మంది మాట్లాడుకుంటున్నారు. సినిమానే నయమేమో అని కూడా అనుకున్నాను.

చివరి పద్యం వచ్చింది. ఫోను శ్రుతి సన్నగా ఈగ మోతలా ఉంది. నా వేళ్ళు నా మోకాలి మీద కదులుతున్నాయి. 'దీపమారక ముందె' దాకా పాడింది. 'నీ తెప్ప' దగ్గర పైకి ఎక్కింది. చీలింది.

ఆగిపోయింది.

 పందిరంతా ఆ చీలిక విన్నది. కప్పడానికి ఏమీ లేదు. ఆవిడ ఆ నిశ్శబ్దంలో అలాగే నిలబడింది. తర్వాత పాడలేదు. ఒడ్డు మీంచి అవతలి పడవ మనిషిని కేకేసినట్టు, మామూలు గొంతుతో, కోపంగా, "రాదె?" అని అడిగింది.

నా ముందు కూర్చున్నామె కనకమ్మ అని ఎండురొయ్యలు అమ్ముకునే మనిషి, తనకి తెలియకుండానే గట్టిగా, "వచ్చేస్తాడులేవే తల్లీ" అనేసింది.

స్టేజీ మీద సత్యవేణి గారు ఆ మాట వచ్చిన వైపు తిరిగింది. కనకమ్మని చూసి, రాడని మెల్లగా తల అడ్డంగా తిప్పింది.

 కనకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. థియేటర్లో కూడా జనం ఏడ్చారు. కానీ తెర మీది ముఖం వాళ్ళలో ఎవరి వైపూ తిరగలేదు. తిరగలేదు కాబట్టి అది తక్కువని కాదు. అది జరిగిపోయిన విషయం. ఇది మా కళ్ళముందు జరుగుతోంది, జరిగేటప్పుడు కనకమ్మ కూడా అందులో ఉంది.

ఐదేళ్ళుగా ఆ చోట నేను తిత్తి కొట్టి కప్పేశానని గొప్పగా చెప్పుకున్నాను. నేను కప్పింది చీలికని కాదు. ఆవిడ ఆగడానికి చోటు లేకుండా చేశాను. చోటిస్తే ఏం చేసేదో ఐదేళ్ళ కిందటే చూసేవాళ్ళం.

తెర వెనక్కి వెళ్ళలేదు. గట్టు మీద నడిచి ఆటో ఎక్కేశాను.

14 ఏప్రిల్

ఆవిడకి ఉత్తరం రాశాను. నోరు జారేననీ, జారినదాన్ని దాచి పెట్టడం అంతకంటే పెద్ద తప్పనీ. రెండు పేజీలు వచ్చింది. చదివితే సగం నా బాధే ఉంది. చించేసి నాలుగు వాక్యాలు రాసి పోస్టు చేశాను.

చరణ్‌తేజకి కూడా ఫోను చేసి, ఆరోజు నేనన్నది నిజం కాదని చెప్పాను.  "ఇప్పుడు మార్చడానికి వీలుండదు మాస్టారూ" అన్నాడు. తెలుసు బాబూ అన్నాను.

27 ఏప్రిల్

సత్యవేణి గారి దగ్గర్నుంచి ఫోను. మరియంబీ ఎత్తి నా చేతిలో పెట్టింది.

"బాషా గారూ, వచ్చే నెల పన్నెండో తారీకు చింతలపూడిలో నాటకం. ఫోను శ్రుతి ఈ ఎండలకి వేడెక్కి ఆగిపోతోందండీ. మీరు రాగలరా?"

"వస్తానండి."

"పూర్తిగా వినండి. చివరి పద్యానికి శ్రుతి ఒక్కటే పట్టాలి. సా, పా, అంతే. నేను పైకి వెళ్తే మీరు రాకూడదు. నేను ఆగితే మీరు నింపకూడదు."

"అలాగేనండి." "నా ఉత్తరం అందిందా అండీ?" అన్నాను.

"అందింది."

"మరి నన్ను..."

"అది ఇప్పుడు అడక్కండి. గిన్నె తెస్తాను, మరియానికి చెప్పండి" అని పెట్టేసింది.

28 ఏప్రిల్

పొద్దున్న షాపు తెరవకముందు పెట్టె ముందేసుకుని కూర్చున్నాను. రెండు వేళ్ళు, రెండు మెట్లు. గోడ గడియారం చూసుకుని పద్యం మనసులో పాడుకున్నాను. పై పంచమం దాకా వచ్చేసరికి మూడో వేలు దానంతటదే లేచింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ లేచింది. మరియంబీ వంటింట్లోంచి వచ్చి ఎదురుగా కూర్చుంది.  నా వేళ్ళే చూస్తోంది.

తొమ్మిదోసారికి కూడా లేచింది.